పాలమూరు మట్టిపనితనం

దేశం చుట్టి ఇల్లు చేరినవాళ్లంటే మనకు యాత్రికులే గుర్తొస్తారు. మక్తల్, నారాయణపేట, కొడంగల్ ఊళ్ల నుంచి గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో దూరప్రాంతాల ఆనకట్టలకూ కాలువలకూ పోయి, వానలకు తిరిగొచ్చే పాలమూరు లేబరు గుర్తురారు. వాళ్లది ఒట్టి రెక్కల కష్టమనీ, నైపుణ్యమేమీ లేదనీ అనుకోవడమే దీనికి కారణం. ఆ మాట తప్పు. కట్టకు పోసే మన్నును గుప్పిట్లో పిసికి చూస్తారు: ముద్ద కట్టకుండా రాలితే తడి చాలదు, చేతికి జిగటగా అంటితే ఎక్కువైంది. రెండిట్లో ఏదైనా కట్ట గట్టిపడదు. గుంత తవ్వుతూ నడుమ ఓ దిబ్బను ముట్టకుండా వదిలేస్తారు. పాత నేల ఎత్తు దానిమీద నిలిచి ఉంటుంది కనుక, ఎంత లోతు తవ్విందీ కొలిచి కూలి అడగవచ్చు. అక్షరం రానివాళ్లకు అదే లెక్కల పుస్తకం.

ప్రొక్లెయిన్లు వచ్చాయి కదా అంటారు. నిజమే, తవ్వకం ఇప్పుడు చాలావరకు యంత్రానిదే. అయినా 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌లో, నల్లగొండ అంచున, అంత రాతికట్టడాన్ని పేర్చింది మనుషుల చేతులే.

వలసను పొగిడితే కరువును పొగిడినట్టేనన్నది ఇంకా బరువైన అభ్యంతరం. కరువునూ, అడ్వాన్సు అప్పునూ నేను మెచ్చను. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం సరిగా అమలై ఉంటే ఎంతో బాధ తప్పేది. నేను మెచ్చేది పనితనాన్ని. కృష్ణ పక్కనే పారుతున్నా సొంత చేను ఎండినవాళ్లు, పరాయి పొలాలకు నీళ్లు తెచ్చారు. ఊరి చెరువుకట్ట బాగుచేసే ముందు, ఇంటికొచ్చిన ఆ మనుషుల సలహా అడగండి.