సొనుమును స్మృతియు

సవరభాషలోని సొనుమను పదమునకుఁ దెనుఁగున సరియైన పర్యాయము దొరకదు. దయ్యమన్నచోఁ దక్కువయగును, దేవతయన్నచో నెక్కువయగును. గ్రాంథికవాదులతో జీవితమెల్ల వాదించిన గిడుగు రామమూర్తిగారు 1931లో సవరవ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించి యీ భాషకు దారి వేసిరి. అరకులోయకు ఈశాన్యముగా సాగిన తూర్పుకనుమలలో, ఒడిశావైపు సవరపల్లెలందు 1975 మొదలు మెలఁగిన మానవశాస్త్రవేత్త పీర్స్ వైటెబ్‌స్కీగారు, 'మృతులతో సంభాషణములు' అను 1993 నాఁటి యాంగ్లగ్రంథమున సొనుమును జ్ఞాపకముగా సమన్వయింప యత్నించిరి. గ్రంథమునకుఁ బ్రాణ మీ సమన్వయమే, విమర్శింపవలసినదియు నిదియే.

చనిపోయినవాఁడు సొనుమగును. తా నే బాధచే మరణించెనో యా బాధనే బ్రతికియున్న బంధువులకుఁ గలిగించును. వారు ఆవేశము పొందిన స్త్రీ ముఖమున వానితో మాటలాడుదురు. ఏడ్తురు, నిందింతురు, ఆస్తితగవులును దీర్చుకొందురు, పరిహాసమును మానరు. ఇట్లు ఏండ్ల తరబడి మాటలాడఁగా, బాధించు సొనుము మెల్లగాఁ గాపాడు పూర్వికుఁడగును. శోకమునుగూర్చి ఫ్రాయిడు 1917లో వ్రాసిన వ్యాసముతో గ్రంథకర్త దీనిని బోల్చి, ఫ్రాయిడునకు జ్ఞాపకము స్మరించువాని మనస్సులోనిదనియు, సవరలకది వెలుపలనుండి తానై వచ్చునదనియు భేదము చూపిరి. ఈ భాగము మిక్కిలి శ్లాఘ్యము.

అయినను జ్ఞాపకమను నొక్కమాట చాలదు. అనుభవము విడిచిన యచ్చు సంస్కారమనియు, అది ఉద్బోధకము తగిలి మేల్కొని జ్ఞానరూపము నందినచో స్మృతియనియు మన తార్కికులు వేఱుపఱచిరి. బాధించు సొనుము సంస్కారము, సంభాషణ ముద్బోధకము, ఆ సంభాషణమునఁ బుట్టునది స్మృతి. గ్రంథకర్త యీ మూఁటిని ఒక్కపేరఁ గలిపిరి.

మెదడును శోధించినవారును ఇట్టి భేదమునే కనిరి. 1953లో మూర్ఛనివారణకై హెన్రీ మొలైసన్ అను నమెరికాదేశీయుని మెదడున రెండువైపుల హిప్పోకాంపసును, చుట్టుపట్ల భాగమును దొలఁగించిరి. నాఁటినుండి యతఁడు జరిగిన క్రొత్త సంగతులను జ్ఞప్తియందు నిలుపలేకపోయెను. అద్దములోఁ జూచుచు గీఁత గీయు నేర్పుమాత్రము అభ్యాసమునఁ బొందెను. నేర్చిన సంగతియే యెఱుఁగఁడు. భయసంస్కారమునకు అమిగ్డలా అను బాదముగింజవంటి వేఱొక భాగము ముఖ్యము. మేల్కొల్పఁబడిన యట్టి సంస్కారము మరల కుదురుకొనులోపల మార్పునకు లోనగునని నాడర్, లెడూ మొదలగువారు 2000లో ఎలుకలయందుఁ జూపిరి. ఎలుకల భయమునుండి సవరల శోకమునకు దుముకుట సాహసమే. కాని మాటలచే సొనుము మాఱుటకు ఇంతకంటె దగ్గఱి పోలిక లేదు. స్మరణవాచకము తోడుగా నున్నప్పుడు గడచినదానికి భవిష్యత్ప్రత్యయము విధించిన పాణినీయసూత్రమును, ఉద్దేశము వేఱైనను, వైయాకరణుఁ డిచ్చటఁ దలఁపకుండఁజాలఁడు.

2017లో వెలువడిన 'మృతులు లేని జీవనము'లో ఈ సంభాషణము లంతరించుటను గ్రంథకర్తయే వర్ణించిరి. యువకులు బాప్టిస్టులైరి, మృతులను బలుకరించుట మానిరి. సొనుము జ్ఞాపకమే యైనచో పలుకుతోడ నదియుఁ బోయెనని సరిపెట్టుకొనవచ్చును. సంస్కారమైనచో నట్లు కుదురదు; అచ్చు మిగిలియే యుండును, దానిని మేల్కొల్పి మార్చు మాటయే యుండదు.