తరంగంబాడి గోడలకు సున్నమే ఊపిరి

తమిళనాడులో మయిలాడుదురై జిల్లాలో, బంగాళాఖాతం ఒడ్డున తరంగంబాడి అని ఓ చిన్న ఊరుంది. డేన్‌లు, అంటే డెన్మార్కువాళ్లు, దాన్ని ట్రాంకెబార్ అన్నారు. అక్కడ వాళ్లు కోట కట్టుకోవడానికి 1620లో అనుమతిచ్చినవాడు తంజావూరు ఏలిక రఘునాథ నాయకుడు. తెలుగులో రామాయణం రాసిన రఘునాథుడే ఆయన. డెన్మార్కు రాజు నాలుగో క్రిస్టియన్‌కు ఆయన పంపిన బంగారు రేకు లేఖ ఇప్పటికీ కోపెన్‌హేగన్‌లో భద్రంగా ఉంది. ఈ ఊరితో మనకు ఇంకో చుట్టరికమూ ఉంది. 1719లో మతప్రచారానికి ఇక్కడ దిగిన బెంజమిన్ షుల్జే తర్వాత మద్రాసు వెళ్లి తెలుగులో రాసిన పుస్తకాలు జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. తెలుగు అచ్చు పుస్తకాల్లో తొలివి అవే.

1792 నాటి ల్యాండ్ గేటు దాటితే తిన్నగా సాగే కింగ్ స్ట్రీట్. దానికి అటూ ఇటూ 1701 నాటి జియాన్ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలెం చర్చి, గవర్నరు బంగళా. చివర సముద్రానికి ఎదురుగా డాన్స్‌బోర్గ్ కోట. 1845లో డేన్‌లు ఊరిని ఇంగ్లీషువాళ్లకు అమ్మేశారు. ఆ తర్వాత వ్యాపారం నాగపట్నం రేవుకూ, అక్కడి రైలుకూ తరలిపోయింది. తరంగంబాడిలో పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా మిగల్లేదు. ఊరు నిలవడానికి ఒక కారణం ఆ పేదరికం. రెండోది సున్నం.

ఉప్పుగాలి కొట్టే చోట ఇటుక గోడకు చెమ్మ తప్పదు. దాన్ని బయటికి పోనిచ్చే పూత కావాలి. కాల్చిన సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, రోజుల తరబడి నాననిచ్చి, ఇసుక కలిపి గానుగలో నూరితే వెన్నలా తయారవుతుంది. మన పెద్దలు గానుగ సున్నం, డంగు సున్నం అన్నది దీన్నే. కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్లు అందులో కలిపేవారు. దాంతో అది నెమ్మదిగా గట్టిపడుతుంది, వానకు ఓర్చుకుంటుంది. గొప్పవాళ్ల ఇళ్లలో ఆఖరి పూతకు గుడ్డులోని తెల్లసొన కూడా కలిపి, నున్నటి రాయితో అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఆ సున్నం మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గోడ బలపడుతుంది.

కప్పు సంగతి ఇంకా గొప్పది. మద్రాసు టెర్రస్ అంటారు దాన్ని. టేకు దూలాలు దగ్గరదగ్గరగా పరిచి, పలచటి చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికిస్తారు. ఒక్కో ఇటుకా పక్కదాన్ని పట్టుకుని నిలుస్తుంది. దానిమీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి మందంగా పోసి, కరక్కాయ నీళ్లు చల్లుతూ చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. దెబ్బదెబ్బకూ లోపలి గాలి పోయి పొర బిగుస్తుంది. పైన పలక పెంకులు పరుస్తారు. ఇనుము లేదు కాబట్టి తుప్పు పట్టడానికీ ఏమీ లేదు. సముద్రం పక్కన ఇంతకంటే తెలివైన కప్పు నేను చూడలేదు.

చూడవచ్చినవాళ్లు కోట చూసి వెళ్లిపోతారు. నా మటుకు అంతకంటే విలువైనవి కంసాలి వీధిలోని చిన్న ఇళ్లు. వీధిలోకి అరుగు, దానికి కొయ్య స్తంభాలు, లోపల మండువా, పైన పెంకులు. ఎండనూ వాననూ ఇంటి నడుమకు పిలిచి, మిగిలిన గదులను చల్లగా ఉంచే ఏర్పాటు అది. 2004 సునామీ తర్వాత, పాత కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ ఈ వీధిలోని ఇళ్లను సున్నంతో, పెంకులతో, పాత పద్ధతిలోనే బాగుచేయించింది. గవర్నరు బంగళాకు డెన్మార్కు జాతీయ మ్యూజియం చేయి వేసింది. దొరల మేడలతో పాటు కంసాలుల అరుగులూ కాపాడదగ్గవే అని గుర్తించడం ఈ పనిలో నాకు నచ్చిన సంగతి.

ఇక్కడ పాత గోడకు శత్రువు సముద్రం ఒక్కటే కాదు. ఒడ్డునున్న మాసిలామణి నాథర్ ఆలయం ముందుభాగాన్ని మింగింది సముద్రమే, నిజమే. కానీ చాలా పాత ఇళ్లను పాడుచేసేది మరమ్మతు పేరుతో వచ్చే సిమెంటు. సిమెంటు పూత చెమ్మను లోపలే బంధిస్తుంది. ఆ చెమ్మలోని ఉప్పు లోపల స్ఫటికాలు కట్టి ఇటుకను పొడిపొడిగా రాలుస్తుంది. పైకి గోడ కొత్తగానే కనిపిస్తుంది, లోపల గుల్లవుతుంది.

ఈ సంగతి తరంగంబాడికే కాదు, మన మండువా లోగిళ్లకూ వర్తిస్తుంది. మీ తాతల నాటి ఇంటి గోడ పెచ్చులూడుతుంటే సిమెంటు బస్తా తెప్పించకండి. గానుగ సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి చుట్టుపక్కల ఇంకా ఉన్నాడేమో వెతకండి. ఆయన పక్కన ఓ కుర్రవాణ్ణి నిలబెట్టి ఆ పని నేర్పించండి.