మురళీ నాయక్ మీద మన కవితలు

2025 మే 9 తెల్లవారుజామున నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మురళీ నాయక్ చనిపోయాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా పిల్లగాడు. మరునాడే కాల్పుల విరమణ అన్నారు. ఆ తెల్లారి, 11న, తండాలో అంత్యక్రియలు జరిగాయి. ఒక్క రోజు తేడాలో పోయిన ప్రాణం.

కల్లితండా మనకు చాలా దూరం. అయినా ఇటు ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట తండాల్లో ఎవరూ అతన్ని వేరే రాష్ట్రపు మనిషి అనుకోలేదు. మన గోర్ పిల్లగాడే అనుకున్నారు. ఆ బాధలో మన పిల్లలూ సార్లూ రాసిన కవితలు కొన్ని నా చేతికొచ్చాయి. అన్నీ ప్రేమతోనే చదివాను. అయినా ఒక మాట అనక తప్పదు.

వీటిలో చాలావాటిలో మురళి పేరు తీసేసి ఇంకో జవాను పేరు పెడితే ఒక్క అక్షరం కూడా మార్చే పని లేదు. సింహం, పులి, భరతమాత ముద్దుబిడ్డ, ఏరులై పారే తల్లి కన్నీళ్లు. మంచుకొండలు కూడా ఉన్నాయి, రాసినవాళ్లలో ఒక్కరూ వాటిని చూసి ఉండరు. చూసింది మాత్రం రాయలేదు. మురళి అమ్మానాన్నలు ముంబయికి పోయి కూలి చేసుకొని బతికినవాళ్లు. ముంబయి అంటే ఏమిటో మన తండాలకు ఎవరైనా చెప్పాలా? తాళం వేసిన ఇల్లు, ముసలోళ్ల దగ్గర పెరిగే పిల్లలు, తీజ్‌కు వస్తామని ఫోన్లో చెప్పి రాలేకపోయిన వాళ్లు. ఇవన్నీ తెలిసిన పిల్లలే రాశారు. కవిత్వం అంటే పెద్ద మాటలని వాళ్లకు బళ్లో నేర్పింది మనమే. నేను కూడా ఆ వారం ఒకటి రాశాను. అందులోనూ సింహం ఉంది.

1915లో చంద్రధర్ శర్మ గులేరీ హిందీలో 'ఉస్‌నే కహా థా' అనే కథ రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం పొలాల్లో చనిపోయిన పంజాబు పల్లె సిపాయి లహనా సింగ్ కథ. ప్రాణం పోయే వేళ అతనికి దేశం గుర్తుకు రాదు. ఊళ్లో తాను నాటిన మామిడి చెట్టు గుర్తుకొస్తుంది. ఇంట్లో పిల్లవాడు పుట్టిన నెలలోనే నాటిన చెట్టు అది. కథ చివర పత్రికలో వచ్చిన మృతుల జాబితా ఉంటుంది: నంబరు, దళం, పేరు, అంతే. ఆ పేరు వెనక ఎంత ఉందో అప్పటికే చదివేశాం కాబట్టి గుండె పట్టేస్తుంది. మన కవితలు పత్రిక వార్త దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతున్నాయి.

అంత దూరం పోవడం కూడా అక్కర లేదు. మన ఆడవాళ్ల ఢావ్లో వినండి. పెళ్లి కూతురు పుట్టిల్లు వదిలి పోయేటప్పుడు ఏడుస్తూ పాడేది. యాడీ, బాపు, భాయా అంటూ వరస పెట్టి ఒక్కొక్కరినీ పిలుస్తుంది, విడిచిపోతున్నవన్నీ తలచుకుంటుంది. బాధను ఎట్లా చెప్పాలో వాళ్లకు బళ్లో ఎవరూ నేర్పలేదు. ఈ కవితల్లో గోర్ బోలి మాట ఒక్కటీ లేదు.

లేని మాట ఇంకొకటి ఉంది: అగ్నివీర్. మురళి అగ్నివీర్. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద కొలువు నాలుగేళ్లే. ఆ తర్వాత నూటికి ఇరవై అయిదు మందికి మించి ఉంచుకోరు. పెన్షన్ లేదు. చనిపోతే 48 లక్షల బీమా, ఇతర పరిహారం వస్తాయి గాని ఇంటివాళ్లకు నెలనెలా వచ్చే కుటుంబ పెన్షన్ ఉండదు. ఆ పథకం వద్దని 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో గొడవ జరిగి, పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకడు పోయాడు. సంతాప కవితలో రాజకీయం ఎందుకని ఒక సారు నన్ను అడిగారు. మురళి తల్లి బొంబాయి హైకోర్టుకు పోయింది. మిగతా సైనికుల కుటుంబాలకు ఇచ్చే పెన్షన్, గౌరవం మాకెందుకు లేవని అడిగింది. మన కవితల్లో మాత్రం ఆమె ఏడుస్తూనే ఉంది.

ఒక్క కవిత వేరుగా ఉంది. ఇంటర్ చదివే అమ్మాయి రాసింది, పది పాదాలు. వాళ్లన్న ఆర్మీ సెలక్షన్ల కోసం పొద్దుగాల కామారెడ్డి - ఎల్లారెడ్డి రోడ్డు మీద ఉరుకుతాడు. 1600 మీటర్లు ఎన్ని నిమిషాల్లో ఉరికిందీ చెల్లెలే ఫోన్లో చూసి చెప్పాలి. మురళి వార్త వచ్చిన రోజు యాడీ ఆ బూట్లు జొన్నల సంచి వెనక దాచింది. రెండు రోజులు కొడుకు అడగలేదు, ఆమె చెప్పలేదు. మూడో రోజు ఆమే తీసి, మట్టి దులిపి, గడప బయట పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆ అమ్మాయి రాయలేదు. ఇంట్లో కష్టమా, కొడుకు మీద నమ్మకమా, వేరే దారి లేకనా, మనమే తేల్చుకోవాలి. మురళి పేరు ఒక్కసారే వస్తుంది, అదీ టీవీలో. అయినా నాకొచ్చిన వాటిలో మురళి మీద రాసిన కవిత ఇదే అనిపించింది.

చివరి రెండు పాదాల్లో మాత్రం ఆమె కూడా సింహాన్ని తెచ్చింది. అవి కొట్టెయ్యమ్మా అని చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు.