విప్పడంలోని విద్య

అంటువ్యాధి సోకిన రోగిని విడి గదిలో ఉంచి సేవ చేయడం వార్డు నర్సులకు నిత్యకృత్యమే అయినా, అందులోని నేర్పుకు దక్కవలసినంత గౌరవం దక్కలేదు. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి వంటి చోట్ల, కంఠసర్పి అనే డిఫ్తీరియా సోకిన రోగి దగ్గరకు వెళ్లేవారికి తుంపరలను అడ్డుకొనే సర్జికల్ మాస్కు ప్రధాన రక్షణ కాగా, గాలిలో 2 గంటల వరకు నిలవగల తట్టు వైరస్ విషయంలో 0.3 మైక్రాన్ల కణాలను కనీసం 95 శాతం ఆపే ఎన్‌95 మాస్కూ, లోపలి గాలి వరండాలోకి పొక్కకుండా పీడనం తగ్గించి ఉంచే నెగటివ్ ప్రెషర్ గదీ కావాలి.

అసలు పనితనం ఈ రక్షణ దుస్తులను వేసుకోవడంలో కంటే విప్పడంలోనే తెలుస్తుంది. ఒక గ్లవ్‌ను తీసి రెండో గుప్పిట్లో పట్టుకొని, ఖాళీ అయిన చేతి వేలిని రెండో గ్లవ్ మణికట్టు అంచు లోపలికి జొనిపి, మొదటిది అందులోనే ఇమిడిపోయేలా తిరగేసి లాగుతారు. కళ్లద్దాలను వెనుక పట్టీతోనే తీసి, గౌనును మురికి వైపు లోపలికి పోయేలా చుట్టి పారవేసి, బయటకు వచ్చి తలుపు మూశాకే ఎన్‌95ను ముందుభాగం తాకకుండా తీసి చేతులు కడుగుతారు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే పేగుల బాక్టీరియా బీజాలు శానిటైజర్‌కు చావవు గనుక అక్కడ సబ్బూ నీళ్లే శరణ్యం.

రాత్రి డ్యూటీ ఒత్తిడిలోనూ ఈ వరుస తప్పనివ్వని నిష్ఠ ఎంతో మెచ్చదగినది. మాస్కు చాటు నుంచే రోగిని పేరు పెట్టి పలకరించి, బయట ఉన్న బంధువుల కబురు చెప్పే ఆదరం అంతకన్నా గొప్పది.