వదిలిన కారణం

కుడి చేయి తల మీదుగా తీసుకెళ్లి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఐదేళ్లు నిండినట్టు. అందకపోతే "వచ్చే ఏడు తీసుకురామ్మా" అని పంపేయడమే. 1988 జూన్‌లో ధర్మవరం దగ్గర ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో నా ఉద్యోగం ఇలా మొదలైంది. ఆ రోజు పాఠమేమీ చెప్పలేదు. పొద్దుగూకేదాకా చెవులు పట్టిస్తూ, పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను.

"పిల్లోడు ఎప్పుడు పుట్టినాడమ్మా?"

"రామారావు మొదట గెలిచిన ఏడు అయ్యోరా. చెనక్కాయ పీకేటప్పుడు."

అంటే 1983లో అక్టోబరో నవంబరో. లెక్కకు ఐదు నిండలేదు. కానీ వాడి చేయి పొడుగు, చెవి అందింది. తల్లికి కూలికి టైమైపోతోంది. అడ్మిషన్ రిజిస్టరులో 1–6–1983 అని వేశాను. బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి, పుట్టిన రోజు తెలియని వాళ్లందరినీ అయ్యోర్లు జూన్‌లోనే పుట్టించేవాళ్లు. మా మండలంలో జూన్ ఒకటిన పుట్టినవాళ్లంతా ఒకచోట చేరితే తిరునాళ్లే.

మరుసటేడు ఆ తల్లే రెండోవాణ్ని తెచ్చింది. వాడి చెవీ అందింది. వెనక పేజీ తిప్పి చూడకుండా 15–11–1983 అని రాసేశాను. అన్నకూ తమ్ముడికీ ఐదున్నర నెలల తేడా. ఆ తప్పు ఇరవై ఏళ్ల తర్వాత నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తమ్ముడు కువైట్‌కు డ్రైవరుగా పోవడానికి కాగితాలు పెట్టుకుంటే, ఒక ఆఫీసులో గుమాస్తా రెండు సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టి నవ్వాడట. "నన్ను ఏమన్నా పడేవాణ్ని సార్, మా అమ్మను అన్నారు" అన్నాడు ఆ పిల్లవాడు. నా దగ్గర జవాబు లేదు.

అడ్మిషన్ రిజిస్టరు రాయడం ఒక పనితనమని నాకు ఆలస్యంగా తెలిసింది. నేర్పింది పక్క ఊరి హెడ్మాస్టరు. పేరు రాసేముందు ఆ పిల్లవాడి చేతనే పలికించాలి. పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాయాలి. తప్పు పోతే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఎర్ర సిరాతో ఒకే గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసింది కూడా చదవగలిగేలా ఉండాలి. పుట్టుమచ్చలు రెండు రాయాలి. అన్నీ అయ్యాక, చదువు రాని తల్లికైనా సరే, ఆ వరుసంతా పైకి చదివి వినిపించాలి. "విన్నప్పుడే తప్పు దొరుకుతుంది, రాసినప్పుడు దొరకదు" అనేవాడాయన. ఆ ఒక్క పని నేను మొదట్నించీ చేసి ఉంటే, ఆ తల్లి అక్కడే ఆపి ఉండేది.

మా బడి రిజిస్టరు ట్రంకు పెట్టెలో ఉండేది. అట్ట ఊడి, మూలలు చెదలు తిని, దారంతో కుట్టిన పుస్తకం. హాజరు పట్టీలు కొన్నేళ్లకు పాత కాగితాల్లో పోవచ్చు, అడ్మిషన్ రిజిస్టరు మాత్రం బడి ఉన్నన్నాళ్లూ ఉండాలి. దాని పేజీలు తిప్పుతుంటే మా పల్లె చదువుకు యజమానులు మారడం ముద్రల్లోనే కనిపిస్తుంది. మొదటి పేజీల్లో జిల్లా బోర్డు ముద్ర. 1884 మద్రాసు చట్టంతో వచ్చిన స్థానిక బోర్డుల పేరు ఎంత గట్టిగా అతుక్కుందంటే, ఆ బోర్డులు పోయిన చాలా ఏళ్లకు కూడా మా ముసలివాళ్లు 'బోర్డు ఇస్కూలు' అనే అనేవాళ్లు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. ప్రాథమిక బడులు సమితికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకు పోయాయి. ముద్ర మారింది. రామారావు మండలాలు పెట్టాక, 1986 చట్టంతో సమితులు పోయి మండల ప్రజా పరిషత్తు వచ్చింది. మళ్లీ ముద్ర మారింది. జిల్లా పేరూ నిలవలేదు. 1882 దాకా మాది బళ్లారి, తర్వాత అనంతపురం, 2022 నుంచి శ్రీసత్యసాయి. ఇన్ని మారినా అడ్మిషన్ నంబరు మాత్రం ఎక్కడా తెగలేదు. బోర్డు కాలంలో ఆగిన అంకె దగ్గరే సమితి అందుకుంది, సమితి ఆపిన చోట మండలం అందుకుంది.

బ్లాక్‌బోర్డు స్కీము గురించి, రెండో గది గురించి, రెండో అయ్యోరి గురించి, 2003లో మొదలైన మధ్యాహ్న భోజనం గురించి ఎన్నో చెప్పొచ్చు. ఒక మండలంలో బడుల చరిత్ర రాయమంటే అందరూ రాసేది అవే. కానీ నన్ను పట్టి పీడించేది రిజిస్టరులో చివరి గడి. దాని తలమీద 'వదిలిన కారణం' అని అచ్చు వేసి ఉంటుంది. అంగుళం వెడల్పు.

అంతకు ముందు మరో గడి ఉంది, మాతృభాష. తండా నుంచి వచ్చే సుగాలి పిల్లలు ఇంట్లో మాట్లాడేది వాళ్ల గోర్ బోలి. బడిలో చేరిన మొదటి నెలల్లో నా మాట వాళ్లకూ, వాళ్ల మాట నాకూ అర్థమయ్యేది కాదు. అయినా ఆ గడిలో 'తెలుగు' అని రాసి, కింది వరుసల్లో 'డిట్టో' గుర్తులు పెట్టుకుంటూ పోయాను. వాళ్లెందుకు నోరు తెరవరని మండల విద్యాధికారి అడిగితే, జవాబు నేను చెరిపేసిన గడిలోనే ఉంది.

చివరి గడిలో ఇంకా ఘోరం. వానలు ఎగ్గొట్టిన ఏడు దసరా సెలవుల తర్వాత సగం మంది తిరిగి వచ్చేవాళ్లు కాదు. చెనక్కాయ చేతికి రాలేదు, అప్పు మిగిలింది, అమ్మానాన్నలు బెంగళూరులో మేస్త్రీ పనికి పోయారు. కొంతమంది పిల్లలు వాళ్ల వెంట పోయారు. కొంతమంది అవ్వ దగ్గర మేకలు కాస్తూ మిగిలారు. మూడో తరగతి చదివే ఒక ఆడపిల్ల చంకలో తమ్ముణ్ని ఎత్తుకుని బడి గోడ అవతల నిలబడి ఎక్కాలు వినేది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి, వరుసగా అందరికీ 'దీర్ఘకాల గైర్హాజరు' అని రాశాను. ఆ అమ్మాయికి కూడా. రోజూ గోడ దగ్గరికి వచ్చే పిల్ల గైర్హాజరు ఎలా అవుతుంది?

చాలా ఏళ్లకు ఒక పాత నివేదిక చదివాను. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మా సీమవాళ్ల మండ్రోలయ్య, జిల్లాల్లో బడుల లెక్క తీయమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఈయన 1816లోనే తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చు వేయించినవాడు. జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగువి 226. ఆడపిల్లలు 60 మంది. అరవై! జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. వీధిబడిలో పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, ఆ తర్వాత వచ్చినవాళ్లకు వరస పెరిగేకొద్దీ బెత్తం దెబ్బలు పెరగడం, అన్నీ రాశాడు. ఆ సున్న మా తాత చెప్పిన 'చుక్క'. ఆయనకూ బడిలో శ్రీ, చుక్క, దెబ్బ తెలుసు.

నన్ను ఆపింది ఆ అంకెలు కాదు. మునుపు బడి ఉన్న ఊళ్లు ఎన్నిటిలోనో ఇప్పుడు లేదని చెబుతూ, కారణం రాశాడు. దేశం బీదదైపోయింది, ఇంగ్లండు నుంచి వచ్చే బట్టతో ఇక్కడి నేతవాళ్ల చేతుల్లో డబ్బు ఆడటం లేదు, అందుకే పిల్లల్ని చదివించుకోలేకపోతున్నారు అని. ఆ మాట కంపెనీ కలెక్టరు కంపెనీకే రాశాడు. నాకు సిగ్గేసింది. పరాయి దొర రెండు జిల్లాలంత నేలకు 'వదిలిన కారణం' నిజంగా రాస్తే, ఆ ఊళ్ల మధ్యే పుట్టి, మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ని నేను ఒక అంగుళం గడిలో అబద్ధం రాశాను. నా మీద ఒత్తిడి కూడా ఏమీ లేదు. అలవాటు, అంతే.

ఆ తర్వాత నా రాత మారింది. 'బెంగళూరు వలస, కరువు', 'తమ్ముణ్ని చూసుకోవడానికి', 'హైస్కూలు ఆరు కిలోమీటర్లు, బస్సు లేదు' అని రాయడం మొదలుపెట్టాను. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి "ఇది రిజిస్టరా, కథల పుస్తకమా?" అన్నాడు. కానీ ఈ రాతలు పనికొచ్చాయి. ఉద్యోగాల్లో స్థానికత తేల్చడానికి ఎక్కడెక్కడ చదివావో చూపమంటారు కదా. వలసపోయి తిరిగొచ్చిన పిల్లలు పెద్దయ్యాక సర్టిఫికెట్ కోసం వస్తే, మధ్యలో ఖాళీ ఎందుకొచ్చిందో ఆ గడే చెప్పేది. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక వయసు రుజువు లేదని పిల్లను తిప్పి పంపకూడదన్నారు. చెవి పట్టించే కాలం పోయింది. ఇప్పుడు తల్లులు ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టుకొస్తున్నారు. తేదీలు నిజమైనవే. వదిలిన కారణం గడి మాత్రం అలాగే ఉంది.

2022లో 117వ నంబరు జీవో వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని అక్కడికి కలపమన్నారు. మా పాత బడిలో ఇప్పుడున్న టీచరమ్మ ఫోన్ చేసింది. "సార్, మూడు తరగతుల పిల్లలకీ వదిలిన కారణం ఏం రాయాలి? వాళ్లు బడి వదల్లేదు కదా." జీవో నంబరు రాయమన్నాను. "అదొక్కటేనా?" అంది. ఇంకేముందమ్మా అన్నాను. "పెద్ద రోడ్డు ఉంది సార్, మధ్యలో."

2025లో ఆ జీవో పోయింది. మొన్న అటుగా వెళ్లి, ఆ ట్రంకు పెట్టె తీయించి చూశాను. ఆమె జీవో నంబరు రాసింది. దాని తర్వాత కామా పెట్టి, బడి ఎంత దూరమో, దారిలో ఏం దాటాలో, ఏ పిల్ల ఆ రోజు నుంచి రావడం మానేసిందో రాసుకుంటూ పోయింది. గడి చాలలేదు. అక్షరాలు గీత దాటి, పుస్తకం కుట్టు దాకా వెళ్లాయి. ఎక్కడా డిట్టో లేదు.