పైనున్నరా, కిందున్నరా?

హైదరాబాద్ నార్సింగిలో ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని తిరిగేవాళ్లకు కుడి ఎడమలతో పెద్ద ఇబ్బంది లేదు. చిక్కల్లా పైనా, కిందా అన్న దగ్గరే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఇక్కడ ఎత్తుగా పోతుంది, పక్కనే సర్వీస్ రోడ్డు. తెర మీద రెండు గీతలూ ఇంచుమించు అంటుకునే కనిపిస్తాయి. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ 5 మీటర్లు అటూ ఇటూ అవుతుంది, ఎత్తు విషయంలో ఇంకా తడబడుతుంది. కోకాపేట టవర్ల మధ్యకొస్తే ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా చేరతాయి, నీలిచుక్క మనం లేని రోడ్డెక్కి కూర్చుంటుంది. ఒక్కసారి ఔటర్ ఎక్కామా, తర్వాతి ఎగ్జిట్ దాకా పోవలసిందే. మధ్యలో యూటర్న్ ఉండదు, టోల్ మాత్రం ఉంటుంది!

2023 జులై 1న నార్సింగి ఇంటర్‌ఛేంజ్ తెరిచాక ఎక్కడం, దిగడం సులువైంది. ఏ ర్యాంపు ఎటు తిరుగుతుందో తేల్చుకోవడం మాత్రం కొత్తవాళ్లకు ఇప్పటికీ పనే. బైకులకు ఔటర్ మీద అనుమతి లేదు కనుక కారు గుర్తు నొక్కి బయల్దేరిన బైకువాడికి ఆ దారి పనికిరాదు. గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబర్‌లో టూవీలర్ మోడ్‌ను మన దేశంలోనే మొదలుపెట్టింది. ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో చెప్పే సదుపాయం 2024 జులైలో గానీ రాలేదు. మన రోడ్లకు అంతస్తులు వచ్చి ఎన్నేళ్లయిందో మరి.

డెలివరీ కుర్రాళ్లు యాప్ కోసం ఆగలేదు. ఫోన్ చేయగానే వాళ్ల మొదటి ప్రశ్న, “అన్నా, పైనున్నరా, సర్వీస్ రోడ్డు మీదున్నరా?” రెండోది, “గేటు ఎటు దిక్కుంది?” ఈ రెండో ప్రశ్నలో అనుభవం ఉంది. గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్‌లో కూర్చుని కరెంట్ లొకేషన్ పంపితే, మ్యాప్ ఆ చుక్కకు దగ్గరున్న రోడ్డుకు తీసుకెళ్లి వదులుతుంది. అది ఒక్కోసారి వెనక ప్రహరీ అవతలి రోడ్డు. “వచ్చేశారు” అంటుంది ఫోన్, ఎదురుగా గోడ.

నేను మ్యాప్‌ను మనతోపాటు తిరగనివ్వను, ఉత్తరం ఎప్పుడూ పైనే. నార్సింగికి గచ్చిబౌలి ఉత్తరాన, గండిపేట చెరువు పడమట, మెహిదీపట్నం తూర్పున. బయల్దేరే ముందు దారి మొత్తం ఒకసారి చూసుకుని, ఎక్కడ దిగాలో మనసులో పెట్టుకుంటే చాలు, మ్యాప్ గొంతు కట్టేసినా నడుస్తుంది. కొందరికిది చాదస్తం. కానీ తిరిగే మ్యాప్ తర్వాతి మలుపు చెబుతుందే తప్ప ఊరు ఎటుందో చెప్పదు.

ఇంటికి ఎవరినైనా పిలిస్తే గేటు దగ్గరికెళ్లి పిన్ పెట్టండి, సర్వీస్ రోడ్డు వైపా కాదా ఒక్క ముక్క రాయండి.