నీళ్లలో తేలే నిజం: ఫాస్ఫేట్ గాజు

మంగళగిరి దాటి గుంటూరు వైపు వెళ్తే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం వస్తుంది. 1976లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయం, అప్పట్లో దాని కింద ఉన్న నూజివీడు పీజీ కేంద్రం గాజు పరిశోధనకు నెలవులని మన జిల్లాల్లోనే చాలామందికి తెలియదు. ప్రొఫెసర్ ఎన్. వీరయ్య గారు, ఆయన శిష్యులు వనేడియం, క్రోమియం, మాంగనీస్ అయాన్లను చిటికెడంత కలిపి, గాజు లోపలి అల్లికను వర్ణపటాలతోనూ విద్యుత్ ధర్మాలతోనూ చదివిన తీరు నాకెప్పుడూ అబ్బురమే. తిరుపతిలో సి.కె. జయశంకర్ గారి బృందం లేజర్లకు పనికొచ్చే ఫాస్ఫేట్ గాజులు చేసింది. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో లేజర్ వెలుగును పెంచే 3,072 పలకలూ నియోడిమియం కలిపిన ఫాస్ఫేట్ గాజే!

ఇంత ఘనమైన గాజుకు పుట్టు శత్రువు నీరు. భాస్వరం చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటాయి. ఒకటి జంటబంధంతో విడిగా ఉండిపోతుంది, పక్క భాస్వరాలతో కలిపేవి మూడే. అందుకే ఏమీ కలపని భాస్వరపు గాజు గాలిలోని తేమకే జిగురెక్కుతుంది. సోడా కలిపితే ఈ బంధాల వల తెగుతుంది. సగానికి సగం కలిపితే మిగిలేవి పొడవాటి గొలుసులే. ఇది పేక పడని పడుగు లాంటిది, నీళ్లు తగిలితే దారాలు విడిపోతాయి. అల్యూమినియమో ఇనుమో చేరినప్పుడు పేక పడుతుంది: తేమకు తెగే భాస్వరం-ఆక్సిజన్-భాస్వరం బంధాల చోట గట్టి బంధాలు వస్తాయి. ఐరన్ ఆక్సైడు 40, భాస్వరపు ఆక్సైడు 60 మోల్ శాతంగా కలిపిన గాజులో గొలుసులు చాలావరకు పోయి పొట్టి జంటలు మిగులుతాయి. అమెరికాలో డెల్బర్ట్ డే బృందం చేసిన ఈ గాజు మన్నికలో బోరోసిలికేట్ గాజుకు దీటుగా నిలిచింది. అణువ్యర్థాలను బంధించడానికి సీసం-ఇనుము ఫాస్ఫేట్ గాజును ఓక్ రిడ్జ్ శాస్త్రజ్ఞులు 1984లోనే ముందుకు తెచ్చారు. ఎవరేమన్నా, నా ఓటు ఇనుముకే.

పని తీరు చూడ్డానికి సులువే. అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను మిగతా ఆక్సైడులతో కల్వంలో నూరి, అమ్మోనియా, ఆవిరి పొంగకుండా పోయేలా మెల్లగా వేడిచేయాలి. వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో మూసలో కరిగించి, బుడగ లేకుండా తేటపడ్డాక ఇత్తడి అచ్చులో పోసి, పగలకుండా నిదానంగా చల్లార్చాలి. నేర్పంతా ఆ ఓపికలోనే.

ఇప్పుడా ఓపిక ఏది? కరిగిన ఫాస్ఫేట్ మూసనే తినేస్తుంది. పింగాణీ మూసలో చేస్తే అల్యూమినా, సిలికా గాజులోకి దిగుతాయి. భాస్వరం కొంత ఆవిరై పోతుంది. అయినా తూచిన లెక్కనే గాజు కూర్పుగా పత్రంలో అచ్చేస్తున్నారు! మూస పెట్టిన భిక్షను తాము కలిపిన ఆక్సైడు ఘనతగా చాటుకుంటున్నారు. పరారుణ వర్ణపటంలో ఒక శిఖరం జరిగిందని 'నిర్మాణం బలపడింది' అని రాసేస్తారు, ఆ ముక్కను ఒక్క రోజైనా నీళ్లలో వేయరు. పత్రాల సంఖ్య కోసం చేసే ఈ నకిలీ పని, ఏళ్ల తరబడి కొలిమి ముందు నిలబడిన గురువులకు అవమానం.

గాజు మీద పరిశోధన చేసే పిల్లలకు ఒక్కటే నా విన్నపం. వీలైతే ప్లాటినం మూస వాడండి. చేసిన గాజులో నిజంగా ఏముందో విశ్లేషణ చేయించండి. మెరుగుపెట్టిన ముక్కను 90 డిగ్రీల శుద్ధజలంలో రోజుల తరబడి ఉంచి, తగ్గిన బరువునూ నీటి పీహెచ్‌నూ కొలవండి. ఆ అంకెలు చేతిలో ఉన్నప్పుడే మన్నిక గురించి రాయండి.